ఆరుద్ర గడి

మా నాయన అనంతపురం జిల్లాలో మెట్టరైతు. 2000 నుంచి 2010 దాకా, ఏడాదికొకటి చొప్పున, పదకొండు నోటుపుస్తకాల్లో వానల లెక్క రాశారు. వాన పడిన తేదీ, చేను పదునైందా లేదా. అంతే, మరో మాట లేదు.

ఆ పుస్తకాలను నేను కంప్యూటరులోకి ఎక్కించి ఎలాస్టిక్‌సెర్చ్ అనే శోధనయంత్రానికి అప్పగించాను. అది వెతికిపెట్టడమే కాదు, దొరికినవాటిని కుప్పలు పోసి లెక్క కూడా చెబుతుంది. ఆ సదుపాయం పేరు అగ్రిగేషన్. అందులో డేట్ హిస్టోగ్రామ్ అనేది కాలాన్ని గడులుగా కోసి, ఏ గడిలో ఎన్ని పడ్డాయో చూపిస్తుంది. గడి వెడల్పు ఎంతో ‘ఇంటర్వల్’ అనే మాటతో మనం చెప్పాలి.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి 13 లేక 14 రోజులు. నేను గడికి 14 రోజులన్నాను. 2000లో ఒక గడి సరిగ్గా జూన్ 22న మొదలయింది. ఆరుద్ర కార్తె వచ్చేది ఆ రోజుల్లోనే. మురిసిపోయి, అక్కడినుంచి ప్రతి 26వ గడికీ ఆరుద్ర అని పేరు పెట్టుకున్నాను.

2018 వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు నాయన అన్నారు: “ఆరుద్ర వాన పలచబడిందప్పా. మొదట్లో అట్ల లేదు.” నేను లాప్‌టాప్ తెరిచి పటం చూపించాను. “లేదు నాయనా, నువ్వు రాసిన లెక్కే ఇది. తగ్గలేదు, చూడు.” ఆయన కాసేపు చూసి, “అట్లనా” అని లేచి గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. 2020లో పోయారు.

ఆ శోధనయంత్రంలో పాత పద్ధతులను తీసివేయడం కొత్తేమీ కాదు. 2014లో 1.0తో అగ్రిగేషన్లు వచ్చాయి. అంతకుముందు ఆ పని చేసిన ఫేసెట్లను 2015లో 2.0తో తొలగించారు. 2019లో 7.2తో ‘ఇంటర్వల్’ను రెండుగా చీల్చారు. క్యాలెండర్ ఇంటర్వల్ అంటే పంచాంగపు కొలత: నెల 28 రోజులైనా 31 అయినా నెలే. ఫిక్స్‌డ్ ఇంటర్వల్ అంటే గడియారపు కొలత: ఇన్ని గంటలంటే అన్నే. పాత మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉండేవి. ఒక రోజంటే పంచాంగపు రోజు, రెండు రోజులంటే గడియారపు 48 గంటలు! హెచ్చరికలు చాలాకాలం వచ్చాయి, నేను పట్టించుకోలేదు. 2022లో 8.0 ఆ మాటను పూర్తిగా తీసేసింది. నేను కొత్త రూపానికి మారిన రోజున నా ప్రశ్నలన్నీ తిరిగి వచ్చాయి.

నీ 14 రోజులు ఏ కొలత అని నన్ను అడిగినట్టయింది. గడియారపు కొలతే. దాని గడులు 1970 జనవరి 1 నుంచి లెక్కకు వస్తాయి; వాటికి నక్షత్రాలతో పనిలేదు. అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను. 26 గడులంటే 364 రోజులు. అంటే ఏటా ఒక రోజు, లీపు సంవత్సరం తగిలితే రెండు రోజులు, గడి వెనక్కి జరుగుతుంది. 2010కి వచ్చేసరికి నా ‘ఆరుద్ర’ జూన్ 10న మొదలవుతోంది. అది మృగశిర! మృగశిర వానను ఆరుద్ర ఖాతాలో వేసి, తగ్గలేదని ఆయనతో వాదించాను.

తప్పు యంత్రానిది కాదు. అడిగినదానికి అది సరిగ్గానే జవాబు చెప్పింది.

ఈసారి పంచాంగాలు ముందు పెట్టుకుని, పదకొండేళ్ళ కార్తెల తేదీలు ఎక్కించి, డేట్ రేంజ్ అగ్రిగేషన్ వాడాను. అందులో ప్రతి గడికీ మొదలూ చివరా మనమే చెప్పవచ్చు. చెప్పిన మొదటి తేదీ గడిలో చేరుతుంది, చివరి తేదీ చేరదు. కనుక ఒక కార్తె ముగింపే తరువాతి కార్తెకు ఆరంభం. ఆరుద్ర గడిలో పదునైన రోజులు ఏటికేడు పలచబడుతూ వచ్చాయి. ఒక్క చేను, పదకొండేళ్ళు. దీనితో రుతుపవనాల మీద తీర్పు చెప్పలేను. కానీ ఆయన ఎలా చెప్పారో ఆయన చేతిరాతలోనూ అలాగే ఉంది. చూపిద్దామంటే ఆయన లేరు.

మీ ఇళ్ళలో ఇటువంటి పుస్తకాలుంటే, గడులు కట్టేముందు రాసినవారిని ఒక్కమాట అడగండి: మీ లెక్కలో నెలంటే ఏమిటి, కార్తె అంటే ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని. నేను అడగలేదు.