జోడు కుదరాలిగా

మా పెద్దాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. ఇంట్లో వాడి మాటలు లెక్కపెడితే రోజుకి పది దాటవు. "ఊఁ", "తిన్నా", "తర్వాత చూద్దాం". ఇంటర్ మార్కుల గొడవ దగ్గర్నుంచీ వాళ్ల నాన్నతో అయితే ఆ పది కూడా లేవు. అలాంటివాడు మొన్న ఎండాకాలంలో ఒకరోజు వంటింటి గుమ్మంలో కూర్చుని గంటసేపు నాతో మాట్లాడాడు. దేని గురించనుకున్నారు? గ్రాఫిక్స్ కార్డు గురించి! తరగాల్సిన బెండకాయలు అయిపోయినా లేవకుండా, రేపటి దొండకాయలు కూడా ముందేసుకుని విన్నాను.

కంప్యూటర్లో ఆట ఆడుతుంటే తెర మీద కదిలేవన్నీ నిజానికి విడివిడి బొమ్మలేనట. సెకనుకి 60 బొమ్మలు పడితే కంటికి నునుపుగా కనిపిస్తుంది, తగ్గితే ఈడ్చుకుంటూ పోతుంది. ఆ బొమ్మలు గీసి పెట్టేది గ్రాఫిక్స్ కార్డు. వాడి దగ్గరున్నది ఆర్‌ఎక్స్ 580, 2017 నాటి మోడల్. కొత్త కార్డు కొనాలంటే చాలా డబ్బు. అదే రకం పాత కార్డు ఇంకొకటి ఏడు వేలకి సికింద్రాబాద్ సీటీసీలో దొరుకుతుందట. రెండూ ఒకే పెట్టెలో పెడితే కలిసి గీస్తాయన్నది వాడి ఆలోచన.

ఏడు వేలూ వాడికి నానమ్మ ఇస్తానంది. దివిసీమలో ఉన్న ఎకరం కౌలు డబ్బుల్లోంచి. మా వారికి తెలిస్తే "ఆటలకి కౌలు డబ్బులా?" అంటారని ఆ నోట్లు ముందు నా బీరువాలోకి చేరాయి. మధ్యలో నేను. ఇవ్వడమో మానడమో చెప్పాలంటే ముందు విషయం తెలియాలి కదా!

ఈ జోడు కట్టడం కొత్తదేం కాదు. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ అనే అమెరికా కంపెనీ వూడూ 2 కార్డులు రెండింటిని కలిపింది. బొమ్మలో ఒక వరస ఒకటి గీస్తే, తర్వాతి వరస రెండోది గీసేది. మావాడు ఇది చెబుతుంటే నాకు సంక్రాంతి ముగ్గే కళ్ల ముందు కనబడింది. నేను బేసి వరస చుక్కలు పెడితే మా చెల్లి సరి వరస పెట్టేది, సగం టైములో వాకిలి నిండేది. తర్వాత ఆ కంపెనీ నిలబడలేదు. దాని సరుకూ విద్యా ఎన్విడియా కొనుక్కుని, 2004లో అదే ఎస్‌ఎల్‌ఐ అనే పేరుతో మళ్లీ తెచ్చింది. మరుసటేడు ఏటీఐ వాళ్లు క్రాస్‌ఫైర్ అంటూ దిగారు. ఆ ఏటీఐని 2006లో ఏఎండీ కొనేసింది. మావాడి కార్డు ఆ వంశానిదే.

వీళ్లు ముగ్గు పద్ధతి వదిలేసి ఎక్కువగా దోసెల పద్ధతి పట్టుకున్నారు. రెండు పొయ్యిలు, రెండు పెనాలు. మొదటి దోసె దీని మీద, రెండోది దాని మీద. గంటకి వచ్చే దోసెలు పెరుగుతాయి, నిజమే. కానీ తినేవాడికి ఒక్కోసారి రెండూ ఒకేసారి వచ్చి పడతాయి, తర్వాత ఖాళీ విస్తరి ముందు కూర్చోవాలి. బొమ్మలూ అంతే. లెక్కలో సెకనుకి ఎక్కువే పడ్డా, వాటి మధ్య ఎడం సమంగా లేకపోతే కంటికి తడబడినట్టే ఉంటుంది.

ఇంకో తిరకాసు. ఒక్కో కార్డులో 8 జీబీ జ్ఞాపకం ఉంది కాబట్టి రెంటికీ 16 అవుతుందనుకున్నాను నేను. కాదట. ఏ బొమ్మైనా గీయాలంటే సరంజామా అంతా ఇద్దరి దగ్గరా ఉండాలి కాబట్టి ఉన్నదే రెండుసార్లు పెడతారు. అది మాత్రం నాకు చప్పున అర్థమైంది. ఇంట్లో శబ్దరత్నాకరం రెండు కాపీలున్నంత మాత్రాన మాటలు రెట్టింపవుతాయా?

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, ప్రతి ఆటకీ ఈ జోడుతో పనిచేయడం విడిగా నేర్పాలి. మొదట్లో కార్డు కంపెనీలే ఆటకో ఏర్పాటు చేసి పెట్టేవి. రెండు కార్డులు కొనేవాళ్లు ఎందరని? మెల్లగా ఆ భారం ఆట తయారుచేసేవాళ్ల మీదకి తోసేశారు, వాళ్లూ పట్టించుకోలేదు. 2021 జనవరి నుంచి ఎన్విడియా కొత్త ఏర్పాట్లు చేయడం మానేసింది. 2022లో వచ్చిన వాళ్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డుకి జోడు కలిపే చోటే లేదు. ఏఎండీ వాళ్లయితే అంతకుముందే, 2019 నాటి కార్డులకే క్రాస్‌ఫైర్ తీసేశారు.

ఫోన్లో ఇదంతా మా అత్తయ్యకి చెప్తే ఆవిడ ఒకటే అడిగారు. "రెండూ ఒక ఈడువేనా?"

ఎడ్ల జోడు చూసుకున్న మనిషి కదా! ఒకటి వెనకబడితే రెండోది ఎంత చురుకైనదైనా బండి నడక వెనకబడినదాని నడకే అని ఆవిడకి తెలుసు. ఈడు ఒకటే కావచ్చు, పడ్డ చాకిరీ ఒకటి కాదు. ఈథీరియం అనే కంప్యూటర్ నాణేల కోసం జనం ఈ కార్డుల్ని రాత్రింబవళ్లు పనిచేయించారు. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆగాక అవన్నీ పాత సామాను బజారుకి వచ్చాయి. ఏడు వేలకి వచ్చేది ఎంత అరిగిన ఎద్దో పైకి చూస్తే తెలీదు.

"కొనేముందు ఒకసారి చూడరా" అన్నాను. పటమటలో ఉండే వాడి స్నేహితుడి దగ్గర అదే కార్డుంది. ఆదివారం కార్డుతో పాటు తన పెద్ద ఎస్‌ఎంపీఎస్ కూడా సంచీలో వేసుకుని వచ్చాడు. ఇద్దరూ నేల మీద మరలన్నీ పరిచి, రెండు గంటలు తంటాలు పడి బిగించారు. జీటీఏ 5 పెడితే అంకెలు బాగానే పెరిగాయి, రెట్టింపు కాలేదు కానీ మావాడి మొహం వెలిగింది. ఎల్డెన్ రింగ్ పెట్టారు. ఒక్క అంకె కదల్లేదు! రెండో కార్డు ఫ్యాను కూడా తిప్పకుండా కూర్చుంది, పెళ్లివారింట్లో పని తప్పించుకునే చుట్టంలాగా. వాడు కొనాలనుకున్నది ఆ రెండో ఆట కోసమే.

బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఊరికే బ్లేజ్‌వాడ అనరు. రెండు కార్డులూ పనిచేసినంతసేపూ ఆ గది పొయ్యి గదిలా అయింది. ఆ సెగకే కాబోలు మా వారు పేపరు పక్కన పెట్టి లేచి వచ్చారు. నా గుండె ఝల్లుమంది. ఆయన పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసి, "ఎన్ని వాట్లురా ఇది?" అన్నారు.

"ఒక్కోటి 185, నాన్నా."

"అంటే 370. నాలుగు గంటలాడితే యూనిట్టున్నర. కరెంటు బిల్లు పై స్లాబులోకి పోతుంది కదరా."

తిట్టలేదు. లెక్క చెప్పారంతే. మావాడు కూడా విసుక్కోకుండా, అన్ని వాట్లూ ఎప్పుడూ తాగవని, ఏ ఆటకి ఎంత తాగుతుందో వేరే లెక్క చెప్పాడు. వాడి స్నేహితుడు వీళ్లిద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. నేను ముగ్గురికీ మజ్జిగ తెచ్చే మిష మీద వంటింట్లోకి వెళ్లి, అక్కడే కాసేపు నిలబడ్డాను.

సీటీసీ కార్డు కొనలేదు. ఆ ఏడు వేలు ఇంకా నా బీరువాలోనే, అత్తయ్య చుట్టిచ్చిన పసుపు గుడ్డలోనే ఉన్నాయి. ఉన్న కార్డు అమ్మేసి, వచ్చింది దీనికి కలిపి, కొంచెం కొత్తది ఒక్కటే కొంటే ఎలా ఉంటుందని వాడి ఆలోచన ఇప్పుడు. నిన్న రాత్రి అన్నాల దగ్గర వాళ్ల నాన్నే కదిపారు. "ఆ కొత్తదానికి మన ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా, మార్చాలా?" అని. వాడు పప్పన్నం కలుపుతూ మొదలుపెట్టినవాడు పెరుగు దాకా ఆపలేదు. చారు వేసుకోవడం ఇద్దరూ మర్చిపోయారు. నేనూ గుర్తు చేయలేదు.