కారు దించితే... చక్రం చూసుకోవాలి!

హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ దాటాకే ధర్మవరం. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరు పెనుకొండ. ఇప్పుడు పేరు కార్లది. దగ్గర్లోని ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో 2019లో సెల్టోస్ తయారీ మొదలైంది. ఏ కార్ల ఫ్యాక్టరీలోనైనా చక్రాల కోణాలు సరిచూశాకే బండి బయటికొస్తుంది.

ఆ కోణాల్ని మార్చేసేది కుర్రకారు సరదా! పొట్టి స్ప్రింగులు వేయించి కారును నేలకు దించుతారు. అందం సరే... అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలా? చేయించాల్సిందే. ఎత్తు తగ్గగానే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌లు, స్టీరింగ్ టై రాడ్‌ల వాలు మారుతుంది. సాధారణంగా చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. అది కాంబర్. ముందు చక్రాలు ఎదురుగా కాక కాస్త లోపలికో బయటికో చూస్తాయి. అది టో.

ఫలితం... టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. బయటి నుంచి చూస్తే మాత్రం కొత్తదిలాగే ఉంటుంది! మండుటెండలో 44వ జాతీయ రహదారి మీద వేగంగా వెళ్లేటప్పుడు అలాంటి టైరు పగిలితే ప్రాణాలకే ముప్పు.

టై రాడ్ తిప్పి టో సరిచేస్తారు. కాంబర్ సర్దే వీలు చాలా మామూలు కార్లలో ఉండదు. స్ప్రింగులు కుదురుకున్నాక మరోసారి చూపించాలి. హెడ్‌లైట్ల దిశా సరిచూడాలి. ఆర్‌సీలోని కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ముందు ఆర్టీవో కార్యాలయంలో అడగడం మేలు.

పడుగు బిగువులో తేడా వస్తే పట్టుచీర అంచు కుదరదని ధర్మవరం నేతన్నకు తెలుసు. కారుకైనా అంతే!