నల్లనీళ్లలో నీలిగీత

బ్రెజిల్‌లోని బార్సెలోస్ వెళ్లాలంటే మనౌస్ రేవులో పడవెక్కి రియో నెగ్రో నదికి ఎదురీదుతూ 400 కిలోమీటర్లకు పైనే పోవాలి. నేనెక్కిన పడవలో పడకల్లేవు, ఎవరి ఊయల వాళ్లే కట్టుకోవాలి. మీరు వెళ్తే మనౌస్‌లోనే ఒకటి కొనుక్కోండి.

వరద గోదారి ఎర్రగా వస్తుంది కదా, ఈ నది కాఫీ డికాక్షన్‌లా నల్లన. దోసిట్లోకి తీసుకుంటే తేనెరంగు! అడవి ఆకులు నాని దిగిన రంగది. నీళ్లలో ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి దోమలు తక్కువ. ఏటి ఒడ్డున దోమతెర లేకుండా పడుకోవడం నాకెంత వింతో!

కార్డినల్ టెట్రా కోసమే అంత దూరం వెళ్లాను. హైదరాబాద్ అక్వేరియం దుకాణాల్లో చూసే ఆ చిన్న చేప సొంతిల్లు ఈ నీళ్లే. చేపలు పట్టే పెద్దాయన నన్ను చిన్న పడవలో మునిగిన అడవిలోకి తీసుకెళ్లాడు. కొమ్మల మధ్య నాలుగు మలుపులు తిరిగేసరికి నది ఎటుందో నాకు తెలియలేదు. ఆయన మాత్రం చెట్లను చూస్తూ దారి పట్టాడు. ఒకచోట వలను నీళ్లలో ఉంచి, తెడ్డుతో మెల్లగా అదిలించి, గిన్నెతో ముంచి చూపించాడు. వేలెడు కూడా లేని చేపలు. కింద ఎరుపు, పైన తల నుంచి తోక దాకా వెలిగే నీలిగీత! ఆ నీలం పూసిన రంగు కాదు, చర్మంలోని సన్నని స్ఫటికాల మీద వెలుగు పడి పుట్టే మెరుపు. నేను కళ్లు తిప్పుకోలేకపోయాను.

"ఇలా పడితే అయిపోవా?" అని అడిగాను.

"నీరు తీశాక గుంటల్లో చిక్కుకుని ఎన్నో చచ్చిపోతాయి. మేం పట్టేది అందులో కొంతే" అన్నాడు. ఆయన దిగులంతా బేరాల మీదే. ఆసియా చెరువుల్లో పెంచిన చేపలొచ్చాక వీటిని అడిగేవాళ్లు తగ్గారు. చేపలతో బతుకు గడిస్తేనే ఈ జనం అడవిని నిలుపుకుంటారు. 1989 నుంచి ఇక్కడి చేపల వేట మీద పనిచేస్తున్న ప్రాజెక్ట్ పియాబా వాళ్లు చెబుతున్నదీ అదే, ఆ పడవలో కూర్చున్నాక నాకూ అది నిజమే అనిపించింది.

మధ్యాహ్నం వాళ్లింట్లో చేపల పులుసు, దాని మీద చల్లుకోవడానికి ఫరీన్యా. మన సామర్లకోట వైపు సగ్గుబియ్యమయ్యే కర్రపెండలాన్నే ఇక్కడ తురిమి, పిండి, పెద్ద పెనం మీద కరకరలాడేలా వేయిస్తారు. నేను మళ్లీ మళ్లీ వడ్డించుకున్నాను. ఆ ఇంటావిడ నవ్వుతూ డబ్బా నా పక్కనే పెట్టేసింది.

మీ ప్రయాణం చేపల పండుగకు కుదిరేలా చూసుకోండి. ఊరు రెండు జట్లుగా చీలి, ఒకటి కార్డినల్ పేరున, మరొకటి డిస్కస్ చేప పేరున ఆటపాటలతో పోటీపడుతుంది. ఏ జట్టు వైపు నిలబడతారో ముందే తేల్చుకుని వెళ్లండి, అక్కడ అందరూ అడుగుతారు.