పలక కంటే ముందు పరుగు

మదనపల్లె టమాటా మార్కెట్లో విరిగి మూలన పడేసిన ప్లాస్టిక్ బాక్సులే ఆ అంగన్‌వాడీలో ఆటసామాన్లు. పదునుగా ఉన్న అంచులకు పాత చీర పేలికలు చుట్టి, బాక్సులు బోర్లించి, ముందు గోనెపట్టాలు పరిచారు. పట్టణం చివర ఉన్న ఆ కేంద్రానికి మేం వెళ్లేసరికి పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే ఎక్కి దూకుతున్నారు. మూడేళ్ల పాప అంచుదాకా వచ్చి, కాసేపు కిందికి చూసి, ముందు ఒక కాలు దించి ఆ తర్వాత రెండోది దించింది. నాలుగేళ్ల పిల్లాడు రెండు కాళ్లూ కలిపి దూకాడు గానీ మోకాళ్లు వంచకపోవడంతో ముందుకు తూలాడు. ఐదేళ్లు నిండబోతున్న ఇంకో పాప చేతులు వెనక్కి ఊపి, ఒళ్లు కాస్త ముందుకు వంచి, ఎగిరి, సడి లేకుండా దిగింది.

“చప్పుడొస్తే మళ్లీ దూకల్ల. మోకాళ్లు వంచు నాయనా, వంచి దిగు” అంటూ టీచర్ పిల్లాణ్ని ఇంకోసారి బాక్సు ఎక్కించారు.

చూడబోతే ఆటే. టీచర్ లెక్కలో మాత్రం పాఠం. ఈ వారం దూకడం, వచ్చే వారం విసరడం, ఆ పైవారం పట్టుకోవడం. తేలికైనది ముందు, కష్టమైనది తర్వాత. ప్రతి బిడ్డకూ సరిపడా వంతులు. తప్పు ఎక్కడ జరుగుతోందో చూసి, ఆ ఒక్క ముక్కే చెప్పి, మళ్లీ చేయించడం. బడికి ముందు వయసులో క్రమబద్ధమైన వ్యాయామ విద్య అంటే ఇంతే. ఈలలు, యూనిఫాం, కవాతు అక్కర్లేదు.

ఈ వయసులో నేర్వాల్సిన కదలికలను నిపుణులు మూడు గుంపులుగా చూస్తారు. పరుగు, గెంతు, కుంటుడు లాంటివి ఒళ్లును ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోయేవి. విసరడం, పట్టడం, తన్నడం వస్తువుతో చేసేవి. ఒంటికాలి మీద నిలబడటం, గీత మీద నడవడం నిలకడకు సంబంధించినవి. మామూలుగా మూడేళ్లకు మూడుచక్రాల సైకిలు తొక్కుతారు, కాలు మార్చి కాలు వేస్తూ మెట్లెక్కుతారు. నాలుగేళ్లకు ఒంటికాలితో గెంతుతారు. ఐదేళ్లకు కాళ్లు మార్చుకుంటూ ఎగిరెగిరి పోతారు. ఒక నెల అటూ ఇటూ అయితే కంగారు పడనక్కర్లేదు.

వదిలేస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారు కదా, దీనికో పాఠం ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. వయసుతో పాటు పరుగు దానంతటదే వస్తుంది. అన్నీ అలా రావు. బంతి విసిరే పిల్లల్ని గమనిస్తే తెలుస్తుంది. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు ముందుకు వేయాలి, నడుము తిరగాలి, విసిరాక చెయ్యి ఒంటికి అడ్డంగా కిందికి రావాలి. చూపించేవాళ్లు లేకపోతే చాలామంది ఏ చేత్తో విసురుతారో అదే కాలు ముందుకు వేస్తారు, అదే అలవాటైపోతుంది. అమెరికాలో జాక్వెలిన్ గుడ్‌వే, క్రిస్టల్ బ్రాంటా 2003లో ప్రచురించిన పరిశోధనలో పేద కుటుంబాల నుంచి వచ్చిన బడి ఈడుకు ముందు పిల్లలకు 12 వారాలు ఇలాంటి పాఠాలు చెప్పారు. పాఠాలు అందుకున్న పిల్లలు బాగా ముందుకెళ్లారు. మామూలు పద్ధతిలో ఉన్న పిల్లల్లో అంత మార్పు రాలేదు.

చదువులో ఒంటికీ పాత్ర ఉందన్న ఆలోచన మదనపల్లెకు కొత్తది కాదు. ఇక్కడి బీసెంట్ థియొసాఫికల్ కళాశాల 1915 నాటిది. ఆ థియొసాఫికల్ సొసైటీ వాళ్ల ఆహ్వానం మీదే విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చారు. నేల మీద గీత గీసి దాని మీద మడమకు వేళ్లు ఆనించి నడిపించడం, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఒలకకుండా నీళ్లు పోయించడం, గుండీలు పెట్టించడం ఆమె పద్ధతిలో తొలి పాఠాలు. ఈ అంగన్‌వాడీలోనూ గచ్చు మీద సుద్దగీత ఉంది. కొసన తలుపు దగ్గర అది పాదాల కింద చెరిగిపోతుంటే ఆయమ్మ రోజూ మళ్లీ గీస్తారట.

మదనపల్లెకు దగ్గర్లోనే ఉన్న రిషివ్యాలీ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల కోసం ఏకోపాధ్యాయ బడులు నడిపి, ‘రివర్’ పేరుతో ఒక పద్ధతిని తయారుచేసింది. అక్కడ పిల్లలు ఒకేచోట కూర్చుండిపోరు. గోడ మీది నిచ్చెన పటంలో తాము ఎక్కడున్నారో చూసుకుని, లేచి వెళ్లి, కార్డు తెచ్చుకుని, ఆ పనికి తగ్గ జట్టులో కూర్చుంటారు. అది ప్రాథమిక తరగతుల మాట. అంతకంటే చిన్నపిల్లల్ని గంటల తరబడి కదలకుండా కూర్చోబెట్టడం ఎంత అసహజమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

పుంగనూరులో మేం చూసిన కేంద్రం అద్దె గదిలో ఉంది. ముందు వసారా, దాని ముందు మోటారు సైకిళ్లు తిరిగే సందు. పరుగు పెట్టించడానికి చోటు లేదు. అందుకని అక్కడి టీచర్ గదిలోనే నాలుగు కాళ్ల నడకలు పెట్టుకున్నారు. వాటిలో పిల్లలకు బాగా నచ్చింది పుంగనూరు ఆవు నడక. ఆ పొట్టి జాతి ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. అరచేతులు నేలకు పూర్తిగా ఆనించి, మోకాళ్లు నేలకు తగలకుండా, నడుము పైకెత్తి, గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడవాలి. ఒక పిల్లాడు మధ్యలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. “ఆవు పండుకునింది, లేపండప్పా” అని టీచర్ అనగానే మిగతావాళ్లు అంబా అంటూ చుట్టూ చేరారు. వాడు నవ్వుతూ లేచి మిగతా దూరం నడిచాడు.

ఈ నడకకూ పలక మీద అక్షరానికీ లంకె ఉంది. బలపం పట్టేది వేళ్లే అయినా, ఆ వేళ్లను నిలకడగా ఉంచేవి మణికట్టు, మోచెయ్యి, భుజం. భుజం గట్టిపడకుండా వేళ్ల మీద భారం వేస్తే పిల్లలు బలపాన్ని పిడికిట పట్టి, చెయ్యంతా కదిలిస్తూ గీస్తారు. సున్నా చూసి గీయడం సాధారణంగా మూడేళ్లకు, కూడిక గుర్తు నాలుగేళ్లకు, త్రిభుజం ఐదేళ్లకు వస్తుంది. మూడు వేళ్లతో పట్టి, వేళ్లనే కదుపుతూ రాయడం నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. మన అక్షరాల్లో గుండ్రాలు, మెలికలు ఎక్కువ. మూడేళ్ల బిడ్డతో ‘అ’ దిద్దించడమంటే ఇంకా తయారుకాని చేతికి పని చెప్పడమే. అందుకే ఈ టీచర్ దిద్దుడుకు ముందు పిండి ముద్దలు పిసికించడం, చింతగింజలు ఏరించడం, దారానికి పూసలు గుచ్చించడం చేయిస్తున్నారు. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా ఆయమ్మ పక్కనే కూర్చుంటారు.

తల్లిదండ్రులను ఒప్పించడమే కష్టం. “ఆడుకునేది ఇంటికాడ ఆడుకుంటాడు గదమ్మా, ఈడికి చదువుకి కదా పంపిస్తా ఉండేది” అని పిల్లాణ్ని దించడానికి వచ్చిన ఒక తండ్రి మా ముందే అన్నారు. ఆయన వెళ్లాక టీచర్ మా వైపు తిరిగి, “ఏం రాసినాడని అందరూ అడుగుతారు సార్. ఎట్ల ఎగిరినాడని ఎవురూ అడగరు” అన్నారు. పక్కవీధి ప్రైవేటు నర్సరీలో మూడేళ్లకే హోంవర్క్ ఇస్తారు. అంగన్‌వాడీలో ఎగరడం నేర్పుతున్నారంటే పిల్లల్ని ఎక్కడ మాన్పించేస్తారోనని ఆమె భయం.

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరితే భాషలు మూడవుతాయి. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. మేం వెళ్లిన కేంద్రంలో ఒక పాప ఇంట్లో తమిళం, ఇంకో బాబు ఇంట్లో కన్నడం. తెలుగు ఇంకా పూర్తిగా రాని ఆ పాప కథ చెప్పేటప్పుడు దిక్కులు చూస్తూ కూర్చుంది. గుడ్డబంతి చేతికొచ్చాక మాత్రం అందరికంటే ముందుంది. వాళ్ల టీచర్ పాత బనీన్లు చుట్టి ఆ బంతి తయారుచేశారు. రబ్బరు బంతి వేగంగా వచ్చి ముఖానికి తగిలితే పిల్లలు కళ్లు మూసుకుంటారు, ఆ భయం మిగిలిపోతుంది. గుడ్డబంతి తగిలినా నొప్పి ఉండదు. మొదట రెండు చేతులూ చాపి ఛాతీకి అదుముకుంటూ పట్టినవాళ్లు, కొన్నాళ్లకు అరచేతులతోనే పట్టడం నేర్చుకుంటారు.

సరిహద్దు దాటితే కదులుతూ నేర్చుకునే పద్ధతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. రిషివ్యాలీ పద్ధతి నుంచి తీసుకుని తమిళనాడు తన ప్రాథమిక బడుల్లో కృత్యాధార బోధన తెచ్చింది. అక్కడ గోడల కింది భాగాన్ని నల్లబల్లగా మార్చి పిల్లలకు తలా కొంత ఇచ్చారు. నిలువు గోడ మీద గీసేటప్పుడు భుజం, మణికట్టు రెండూ పనిచేస్తాయి. కుప్పం పక్కనే గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ఆవరణలో పెద్ద పిల్లలకు సైన్సును చేతులతో చేయించి నేర్పుతోంది. ఆ చేతులకు పునాది అంగన్‌వాడీ ఈడులోనే పడాలి.

ప్రభుత్వ కాగితాల్లో దీనికి లోటేమీ లేదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పటి నుంచీ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పూర్వ ప్రాథమిక విద్య అంగన్‌వాడీల బాధ్యతే. 2020 జాతీయ విద్యావిధానం పిల్లల శారీరక, చలన వికాసాన్ని లక్ష్యాల్లో చేర్చింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో తెచ్చిన ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళికలో రోజు స్వేచ్ఛాక్రీడతో మొదలవుతుంది, ఆరుబయట ఆటకూ వేళ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలి, అందులో 60 నిమిషాలు ఒగర్చేంత హుషారుగా. ఫోను, టీవీ ముందు గంటకు మించకూడదు.

లోటల్లా చోటుకు, పనిచేసే చేతులకు. అంగన్‌వాడీకి కనీసం 600 చదరపు అడుగుల స్థలం, పిల్లలు ఆడుకునే జాగా ఉండాలన్నది నిబంధన. అద్దె గదుల్లో అది కుదరదు. ఒకే టీచర్ గుడ్లు, పాల లెక్కలు రాయాలి, బరువులు తూయాలి, ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించాలి, గర్భిణుల ఇళ్లకు తిరగాలి. ఆ హడావుడిలో ముందుగా ఎగిరిపోయేది ఆటల పీరియడే.

అది ఎగిరిపోతే నష్టం ఆట ఒక్కటే కాదు. నాలుగేళ్లు దాటినా క్షణమైనా ఒంటికాలి మీద నిలబడలేని బిడ్డ, ఎదురుగా వచ్చే బంతిని చూడలేని బిడ్డ ముందుగా బయటపడేది అక్కడే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అలాంటి పిల్లలను పరీక్షించి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. పంపాలంటే ముందు ఎవరో ఒకరు గమనించాలి కదా.

అంగన్‌వాడీల్లో నెలకో రోజు తల్లిదండ్రులను పిలిచి పిల్లల నేర్పు చూపించే పద్ధతి ఉంది. ఆ రోజు పలకలతో పాటు పిల్లల దూకుడు, విసురు, పట్టు కూడా చూపించమని మూడు ఊళ్ల టీచర్లనూ అడగవచ్చు. కౌన్సిలర్లు, సర్పంచులు కేంద్రానికి ఆనుకుని ఉన్న ఖాళీ జాగాను చెత్తకు వదలకుండా పిల్లలకు కేటాయించవచ్చు. ఈ పత్రిక చదివే తల్లిదండ్రులు ఈ నెల ఆ రోజుకు తప్పక వెళ్లండి. మీ బిడ్డ ఎంత దూరం విసురుతున్నదో చూసి, తర్వాతే పలక అడగండి.