బొల్లారంలో మూడు రోజులు

కామారెడ్డి వైపునుండి రైలులో వచ్చేవారికి మేడ్చల్ దాటిన కొద్దిసేపటికి బొల్లారం వస్తుంది. సికింద్రాబాదు కంటోన్మెంటుకు ఇది ఉత్తరపు కొస. పెద్ద చెట్లు, పాత బంగళాలు; పట్నం వచ్చామన్న కంగారు ఇక్కడ అంతగా కలుగదు. రాష్ట్రపతి నిలయం ఈ ఊరిలోనే ఉన్నది. అయితే మేము వెళ్లింది ఊరు చూడటానికి కాదు. మా చెల్లెలి కుమారునికి 8 ఏళ్లు. వాని కళ్లు చూపించవలసి, బంధువుల ఇంట మూడు రోజులు ఉన్నాము.

బాబుకు పగలు చదువు బాగానే సాగుతుంది. ప్రొద్దు వాలితే మాత్రం గడప తన్నుకొని పడతాడు. కంచం ప్రక్కనున్న నీళ్ల గ్లాసు కనబడదు. ఊరిలో అందరూ రేచీకటి అన్నారు. మాట నిజమే. విటమిన్ ఎ లోపంవలన వచ్చే రేచీకటి మన పల్లెలు ఎరిగినదే. మునగాకు, బొప్పాయి పెట్టారు. నర్సమ్మ మందు పోసింది. లోపమే కారణమైతే మందు పడిన కొద్దిరోజులకే గుణం కనిపించాలి. ఇక్కడ కనిపించలేదు. అలాంటప్పుడు మోతాదు పెంచుకుంటూ పోకూడదు. విటమిన్ ఎ ఎక్కువైతే కాలేయానికి హాని. రెటీనా చూసే డాక్టరు వద్దకే వెళ్లాలి.

ఆదివారం హోలీ ట్రినిటీ దేవాలయంలో ఆరాధనకు వెళ్లాము. 1847లో కట్టిన దేవాలయమిది. 1983 నవంబరు 20న, తన పెండ్లిరోజున, ఎలిజబెత్ రాణి ఇక్కడికి ఆరాధనకు వచ్చింది. బయట మంచి ఎండ. లోపల అడుగు పెట్టగానే బాబు ద్వారం దగ్గర ఆగిపోయాడు. మన కళ్లు కాసేపటికి అలవాటు పడే మసక వానికి కటిక చీకటి. రంగుటద్దాల కిటికీ మాత్రం తెలిసిందట. దానివైపు ముఖం పెట్టి, బెంచీలు తడుముకొంటూ నడిచాడు. వాని తల్లి ఆరాధన అయ్యేవరకు తల ఎత్తలేదు.

మరునాడు బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లాము. బొల్లారం మీదుగా 2023 ఏప్రిల్‌నుండి ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడుస్తున్నందున సికింద్రాబాదు వరకు ప్రయాణం సులువే. ఈ ఆసుపత్రిని 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించారు. సినిమాలు తీసిన ఎల్.వి. ప్రసాద్‌గారు స్థలమూ ధనమూ ఇచ్చారు. డబ్బు పెట్టుకోలేని వారికి వైద్యం ఉచితం. తెల్లవారగానే బయలుదేరండి, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. సాయంత్రం వరకు పడుతుంది.

కంటిలో చుక్కలు వేసి, బాబును 20 నిమిషాలు చీకటిలో కూర్చోబెట్టారు. తరువాత వెలుతురు మెరిపిస్తూ, రెటీనా దానికి ఎంత బదులిస్తున్నదో యంత్రంమీద చూశారు. దీనిని ఇ.ఆర్.జి. అంటారు. జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. మసక వెలుతురులో చూడటానికి పనికివచ్చే కణాలు ముందుగా చెడతాయి. పిమ్మట ప్రక్కచూపు తగ్గుతూ, గొట్టంలోనుండి చూసినట్టు అవుతుంది. అద్దాలతో గాని ఆపరేషనుతో గాని పోయిన చూపు తిరిగిరాదు. అమెరికాలో 2017లో అనుమతి పొందిన జన్యుచికిత్స ఒకటున్నది గాని, అది ఆర్.పి.ఇ. 65 అనే ఒక్క జన్యువు లోపానికే. రెండు కళ్లకు 8 లక్షల 50 వేల డాలర్లు వెల కట్టారు. బాబుది ఏ జన్యువో రక్తపరీక్షలో తేలాలి. పసరు మందులవాని మాట నమ్మి ఎకరం అమ్మిన వారిని మేమెరుగుదుము.

బాబు తల్లిదండ్రులది మేనరికం. మేనత్త అయిన అత్తగారే ఇన్నాళ్లూ కోడలిని ఆడిపోసుకొన్నది. పుట్టు గుడ్డివానిని చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే ప్రభువు ఏమన్నాడో ఆ ఇంట అందరికీ తెలుసు, అయినా అనేవారు. డాక్టరమ్మ కాగితంమీద గీసి చూపింది: తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి దాగియున్న లోపం, వారిద్దరి చూపూ బాగానే ఉంటుంది, ప్రతి కాన్పులోను బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాలన్నిటిలో ఇలా జరుగదు, కాని రక్తసంబంధంలో ఒకే లోపం ఇద్దరిలోనూ ఉండటం ఎక్కువ. బాబు తండ్రి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాడు, తల్లికి చూపించాలని.

చదువు మానిపించవద్దని గట్టిగా చెప్పారు. కిటికీ ప్రక్క బెంచీ, రాత్రి చదువుకు మంచి దీపం, చీకటిపడ్డాక చేతిలో టార్చి, మెట్ల అంచులకు తెల్ల రంగు. మంగళవారం బయలుదేరేముందు టార్చి, రంగు డబ్బా బొల్లారం బజారులోనే కొన్నాము. బాబుకు 4 ఏళ్ల చెల్లెలున్నది. దానికి కూడా పరీక్ష చేయించమన్నారు. వేసవి సెలవులలో దానిని తీసుకొని మళ్లీ వెళ్తాము.