బొర్రా నుంచి బారాటాంగ్‌కి

మా ఊరి నుంచి బొర్రా గుహలు నడిచిపోయేంత దూరం. సముద్రాన్ని మాత్రం భీమిలిలో టి.టి.సి. చదివే రోజుల్లోనే మొదటిసారి చూశాను. అందుకే వేసవి సెలవుల్లో అండమాన్ వెళ్దామని మా ఆయన అంటే ఎగిరి గంతేశాను. ఇంటరు పరీక్షలు రాసిన మా అబ్బాయితో కలిసి విశాఖలో ఓడ ఎక్కాం. రెండున్నర రోజుల ప్రయాణం. మొదటి రోజంతా నాకు వాంతులే. వెళ్లేవాళ్లు నిమ్మకాయలు, చింతకాయ పచ్చడి మరచిపోకండి.

పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. బజారులో శ్రీకాకుళం యాస వినిపిస్తూనే ఉంటుంది, కూరగాయల బేరం తెలుగులోనే ఆడాను. సెల్యులర్ జైలు తప్పక చూడాలి. ఏడు వరుసల్లో మూడే మిగిలాయి. ఒక్కో గదిలో ఒక్కడే, ఎదుటివాడి ముఖం కనబడకుండా కట్టారు. రంప పితూరీలో పట్టుబడిన మన్యం మనుషుల్ని కూడా ఈ దీవులకే పంపారు. మా గైడు ఆ మాట ఎత్తలేదు. నేనే మా వాడికి చెప్పాను. కొండ తప్ప వేరే లోకం తెలియని మనిషికి నాలుగు వైపులా నీళ్లంటే ఎలా ఉండి ఉంటుందో ఆ గదిలో నిలబడి చాలాసేపు ఆలోచించాను.

చాథమ్‌లో 1883 నాటి రంపపు మిల్లు ఉంది. అడవి ఎలా దుంగలై, దుంగలెలా పలకలయ్యాయో అక్కడ తెలుస్తుంది. హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ తీరం, తెల్లటి ఇసుక. ఆ అందం గురించి అందరూ రాశారు, నేను రాయను.

నాలుగో రోజు బారాటాంగ్. అక్కడి సున్నపురాయి గుహలు చూడాలంటే జారవాల అడవిలోంచి పోవాలి. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. జిర్కాటాంగ్ దగ్గర బళ్లన్నీ వరుసగా ఆపి, ముందూ వెనుకా పోలీసు బండి పెట్టి వదులుతారు. ఆగకూడదు, ఫోటో తియ్యకూడదు, తిండి ఇవ్వకూడదు. జారవాలు కొన్ని వందల మందే. 1990ల చివరి దాకా బయటివాళ్లను దగ్గరికి రానివ్వలేదు. రానిచ్చాక 1999లో, మళ్లీ 2006లో తట్టు సోకింది. బోర్డు మీద నిబంధనలు చదివి మా వాడికి పాఠంలా చెప్పాను.

అరగంట పోయాక బండిలో ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. రోడ్డు పక్కన ఒకామె, చంకలో బిడ్డ. అందరి మెడలూ అటే తిరిగాయి. నా మెడ కూడా. ఆమె మమ్మల్ని చూడలేదు, దారి ఎప్పుడు ఖాళీ అవుతుందా అన్నట్టు నిలబడి ఉంది.

పడవ రేవులో దిగాక తెలిసింది, మా వాడు సీటు కింద నుంచి ఫోన్‌తో తీశాడని. చెయ్యి పట్టుకుని తీసేయించాను. తీసేసే ముందు నేనూ చూశాను. మసకగా ఉంది, ముఖం తెలియలేదు. "అమ్మా, మన ఊళ్లోనూ తీస్తారుగా?" అన్నాడు వాడు.

తీస్తారు. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ బొర్రా దారిలో సీతాఫలాలు అమ్మేది. ముక్కుకి మూడు పుడకలు, నెత్తి మీద గంప. ఒక పెద్దమనిషి కారు ఆపి, గంప ఎత్తుకోమని, దించుకోమని, నవ్వమని ఫోటోలు తీశాడు. "ఒకటి మాకిస్తావా బాబూ?" అని అమ్మ అడిగింది. పోస్టులో పంపుతానని ఊరి పేరు రాసుకున్నాడు. రెండేళ్లపాటు పోస్టుమేన్ వచ్చినప్పుడల్లా అమ్మ అడిగేది. మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఎవరింట్లోనో గోడకి ఉండే ఉంటుంది.

బారాటాంగ్ రేవులో టీ కొట్టు పెట్టుకున్న ఆమె నా ముఖం చూసి, "మీరూ ఆదివాసులేనా?" అని హిందీలో అడిగింది. వాళ్లు ఒరావ్‌లు. అడవి కొట్టే పనికి ఆమె ముత్తాతని రాంచీ వైపు నుంచి తెచ్చారట. ఇక్కడ వాళ్లకి ఎస్టీ గుర్తింపు లేదు. "అక్కడుంటే ఆదివాసీ, ఇక్కడ రాంచీవాలా" అంది. టీకి డబ్బులు తీసుకోలేదు. నేను సంచిలో మిగిలిన పచ్చడి సీసా ఇచ్చాను.

మడ చెట్ల మధ్య పడవ ప్రయాణం బాగుంది. గుహ మాత్రం మా బొర్రాలో ఒక మూలకి సరిపోతుంది. ఇంత దూరం పోయి సున్నపురాయే చూసొచ్చామని మా ఆయన ఒకటే నవ్వు. తిరుగు దారి కూడా ఆ అడవిలోంచే. మా వాడు కిటికీ సీటు వదిలి మధ్యలో కూర్చున్నాడు. నేను చెప్పలేదు.

మీరు వెళ్తే జైలు చూడండి, చాథమ్ చూడండి, సముద్రంలో మునగండి. బారాటాంగ్ మానేయండి. గుహలే చూడాలంటే మా ఊరు రండి, రాగి అంబలి, చింతకాయ పచ్చడి నేను పెడతాను. ఫోటో తీసుకుంటే ముందు అడగండి, ఒకటి మాకు పంపండి.