నా దేనారముల పుస్తకము



నన్ను గూర్చి "ప్రాచీన నాణెములను సేకరించువాడు" అని కొందరు చెప్పుచుందురు. అందు సగమే నిజము. నా యొద్ద రోమీయుల వెండి నాణెము ఒక్కటియు లేదు. ఉన్నది ఒక దళసరి పుస్తకము మాత్రమే. హైదరాబాదు మ్యూజియములోని అద్దపు పెట్టెలను, గ్రంథములలో అచ్చుపడిన పటములను చూచి, రకమునకొక పుట కేటాయించి, బొమ్మయు బొరుసును పెన్సిలుతో వ్రాసికొనుచు వచ్చితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చిన చిత్రలేఖనము నాకిట్లు ఉపయోగపడినది.

అంత దూరదేశపు నాణెముతో మనకేమి పనియని అడుగుదురేమో. అది మన నేలలోనే దొరకినది. పూర్వపు నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,531 రోమను వెండి నాణెములు ఒక్కచోట బయలుపడినవి. పరమేశ్వరీలాల్ గుప్తగారు ఆంధ్రదేశమున దొరకిన రోమను నాణెములను గూర్చి వ్రాసిన గ్రంథము 1965లో ప్రకటింపబడినది. క్రీస్తుశకము మొదటి శతాబ్దములో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన గ్రంథమున, మసాలియా తీరమందు సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయబడుచుండెనని యున్నది. అది మచిలీపట్టణ ప్రాంతమని పండితుల మతము. మన నేతగాండ్ర శ్రమకు మూల్యముగా ఈ వెండి సముద్రము దాటి వచ్చినది.

ఈ నాణెము పేరు మీరెరుగనిది కాదు. పరిశుద్ధ గ్రంథములోని దేనారమే యిది. ద్రాక్షతోటలో పనిచేసిన కూలివానికి ఒక దినపు కూలి. దక్షిణ దేశమున దొరకిన దేనారములలో రెండు రకములు మిక్కిలి అధికము. ఒకటి ఔగుస్తు కైసరుది. దాని వెనుక వైపున అతడు దత్తు చేసికొనిన మనుమలు గాయు, లూకియు డాళ్లతోను ఈటెలతోను నిలిచియుందురు. ఆ యిరువురును పిన్నవయస్సుననే మరణించిరి. రెండవది తిబెరి కైసరుది. ఒకవైపు అతని శిరస్సు, మరియొకవైపు పీఠముపై కూర్చున్న స్త్రీ. సుంకమును గూర్చి ప్రశ్నించినవారు ప్రభువునకు చూపిన దేనారము ఇదేయని పలువురు పండితులు తలంచుచున్నారు.

సామాన్యముగా చూచువానికి ఇవన్నియు ఒక్కటిగానే కనబడును. నిదానించి చూచినచో భేదములు బయలుపడును. మనుమల తలలపైన పూజాకార్యపు గరిటెయు వంపుకఱ్ఱయు నుండును. కొన్నిటిలో వాని స్థానములు తారుమారగును. కొన్నిటిలో క్రింద ఎక్స్ అను రోమను అక్షరముండును. తిబెరి నాణెములో పీఠపు కాళ్లు కొన్నిట నునుపుగాను, కొన్నిట చెక్కడముతోను ఉండును. మన దేశపు పనివారు చూచి పోసిన అనుకరణములును కలవు. వానిపై అక్షరములు అర్థములేని గీతలైనవి. అరుదైనవి యనగా నిట్టివే.

తూకమునకును కథ కలదు. ఔగుస్తు కాలమున రోమను పౌనుకు 84 దేనారములు. మూడింటిని కలిపిన సుమారు మన తులమగును. 64వ సంవత్సరమున నీరో చక్రవర్తి పౌనుకు 96 చేయించి, వెండిలో కల్తీయు హెచ్చించెను. తూచి పుచ్చుకొను మన వర్తకులు పాతవానినే కోరిరనియు, అందుచేతనే ఇచ్చట పాతవి యధికముగా దొరకుచున్నవనియు విద్వాంసులు చెప్పుదురు.

మిర్యాలగూడ ప్రాంతపు వృద్ధుడైన కంసాలి యొకడు నా పుస్తకము తిరగవేసి, కూర్చున్న స్త్రీ బొమ్మయొద్ద ఆగి, "అయ్యగారూ, ఈ అమ్మవారి బిళ్ళలు మా నాయన చేత కరిగించగా చూచితిని. మేలైన వెండి. కడియములు చేసి ఇచ్చినాము" అనెను. అతనియందు దోషమేమియు లేదు. తెచ్చినవారు అడిగినది అతని తండ్రి చేసియిచ్చెను. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మూసలో ఎన్ని రకములు పోయెనో ఎవరు చెప్పగలరు? వెండి నశింపలేదు, అది ఎవరి కాలికో కడియమై యుండును. నశించినది సాక్ష్యము. ఏ గ్రామమున, ఎంత లోతున, ఏ కుండలో, వేనితో కలిసి దొరకెనో తెలిసినప్పుడే నాణెము మాటలాడును. కుండనుండి వేరుచేసి అమ్మినది ఎంత అరుదైనదైనను సగము మూగదే.

మన ప్రాంతమింకను తన నిక్షేపములన్నిటిని చూపలేదు. 2024వ సంవత్సరమున సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో ఒక్క కుండయందు 3,730 సీసపు నాణెములు దొరకినవి. అవి త్రవ్వకపు పనివారి కంటబడుటచేత దక్కినవి. రేపు నాగలికి తగులు కుండ మీ పొలములోనిదే కావచ్చును. అప్పుడు దానిని చింతపండుతో తోమకుడు; పంచుకొనకుడు; దొరకిన చోటు గుర్తుంచుకొని తహశీలుదారుగారికి తెలుపుడు.

అంతవరకు చేయదగిన పని యొకటి కలదు. మీ యిండ్లలో నిజాము కాలపు హాలీ సిక్కాలో, పాత కానులో ఉన్నచో, పలుచని కాగితము క్రింద నుంచి పెన్సిలుతో మెల్లగా రుద్దుడు. ముద్ర తానే పైకి వచ్చును. కాగితము నాకు తెండు. నాణెము మీ అవ్వ పెట్టెలోనే యుండనిండు.